చెన్నై ఎండకూ ఉప్పునీళ్ళకూ ఫ్లై లైన్: ఎలా ఎంచుకోవాలి, ఎలా పరీక్షించాలి

"ఫ్లై ఫిషింగ్‌కని 8 నంబరు రాడ్డు కొన్నాను, ఏ లైన్ వేయమంటారు?" నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇదే అడుగుతున్నారు. విడివిడిగా చెప్పి చెప్పి విసుగొచ్చి, అంతా ఒకచోట రాస్తున్నాను.

మామూలు గాలంలో బరువు సీసానిదో ఎరదో. దాన్ని విసిరితే దారం వెనకే పోతుంది. ఫ్లై అంటే కొక్కేనికి కట్టిన నాలుగు ఈకలు, దానికి బరువెక్కడిది? ఇక్కడ మనం విసిరేదే లైన్ని. రాడ్డు ఎంపికకు మూడు నెలలు పెట్టి, లైన్ దగ్గరికొచ్చేసరికి మిగిలిన డబ్బులతో ఏదో ఒకటి తెచ్చుకునేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే: డబ్బు తగ్గించాల్సి వస్తే రాడ్డు దగ్గర తగ్గించండి.

నేనూ ఆ తప్పు చేసినవాణ్ణే. నా మొదటి లైన్ ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. చల్లటి ఏటి నీళ్ళలో ట్రౌట్ పట్టడానికి చేసిన లైన్ అది. మే నెల, కోవళం బీచ్. ఉదయం ఆరింటికి బాగానే పోయింది. తొమ్మిదిన్నరకల్లా ఉడికిన సేమియా అయింది. రాడ్డు రింగులకు అంటుకుంటుంది, చేతికి అంటుకుంటుంది, దానికదే చుట్టుకుంటుంది. ఆ రోజు నా కొక్కేనికి పడింది నా టోపీ ఒక్కటే.

కావలసినవి

- 0.1 గ్రాము వరకు చూపే చిన్న డిజిటల్ కాటా. నగలు తూచేదైతే ఇంకా మంచిది
- టేపు, చెరగని మార్కర్ పెన్ను
- పెద్ద బకెట్, రాళ్ళ ఉప్పు
- సూట్‌కేసులు తూచే కొక్కెం కాటా
- మీ రాడ్డు, రీలు, 9 అడుగుల లీడర్ (లైన్ కొసకూ ఫ్లైకీ మధ్య కట్టే సన్నటి దారం)
- అర అంగుళం ఊలు ముక్క (మైదానంలో ఫ్లై బదులు ఇదే, కొక్కెం వద్దు)
- కళ్ళద్దాలు, అంచున్న టోపీ
- బట్టలు వేసే ప్లాస్టిక్ బుట్ట, నడుముకు కట్టుకోవడానికి ఒక బెల్టు

1. ఎక్కడ పడతారో ముందు తేల్చుకోండి

బ్యాక్‌వాటర్‌లోనో కాలువ ముఖద్వారంలోనో పండుగప్ప, ఆక్సై టార్పన్ లాంటివాటి కోసమైతే 8 నంబరు తేలే లైన్ చాలు. బీచ్ మీద నిలబడి అలల్లోకి విసిరేవాళ్ళకు 9 నంబరు, అదీ నెమ్మదిగా మునిగే ఇంటర్మీడియెట్ రకం. తేలే లైన్‌ని మన బంగాళాఖాతం అల ఎత్తి తెచ్చి మళ్ళీ మీ కాళ్ళ దగ్గరే పడేస్తుంది. అండమాన్ వెళ్ళి పెద్ద జీటీలతో (జయంట్ ట్రెవల్లీ చేపలు) తలపడే ఆలోచన ఉంటే అది 12 నంబరు లెక్క, దాని రాడ్డూ రీలూ వేరు.

ఒక్క లైనే కొనగలిగితే? తేలేదే కొనండి. నీటి మీద కనబడుతుంది కాబట్టి మీ తప్పులు మీకే కనిపిస్తాయి, ఎత్తి మళ్ళీ విసరడమూ తేలిక. ఇంటర్మీడియెట్ రెండో ఏడాది చూసుకోవచ్చు.

పులికాట్ గురించి చాలామంది అడుగుతారు కాబట్టి ఒక మాట. ఆ సరస్సులో చాలా భాగం, ఆంధ్రా వైపైనా తమిళనాడు వైపైనా, పక్షుల అభయారణ్యం. అటవీశాఖవాళ్ళనూ అక్కడి మత్స్యకారులనూ అడగకుండా దిగొద్దు.

2. పెట్టె మీద రాత చదవండి

డబ్ల్యూఎఫ్-8-ఎఫ్ అని ఉంటుంది. డబ్ల్యూఎఫ్ అంటే వెయిట్ ఫార్వర్డ్, బరువంతా ముందు భాగంలో (దీన్నే హెడ్ అంటారు) ఉండి వెనక సన్నటి రన్నింగ్ లైన్ ఉంటుందని. 8 అంటే బరువు నంబరు. చివరి ఎఫ్ అంటే తేలేది. ఐ ఉంటే ఇంటర్మీడియెట్, ఎస్ ఉంటే మునిగేది. డీటీ అని ఉంటే రెండు కొసలూ ఒకేలా ఉంటాయి. సముద్రం గాలిలో దూరం పోదు, వదిలేయండి.

ఇంతవరకూ అందరూ చూస్తారు. చూడనిది ఉష్ణోగ్రత. "సాల్ట్‌వాటర్" అని రాసుంటే చాలనుకుంటారు, అక్కడే మునుగుతారు. అమెరికా ఈశాన్య తీరంలో స్ట్రైప్డ్ బాస్ పట్టడానికి చేసిన లైన్ మీదా సాల్ట్‌వాటర్ అనే ఉంటుంది, కానీ అది చల్లటి సముద్రానికి చేసిన లైన్. మనకు కావలసిన మాట "ట్రాపికల్". ఎక్కువ లైన్ల పైపూత పీవీసీ. దాన్ని మెత్తగా ఉంచే పదార్థం ఎంత కలిపారు, లోపలి దారం ఎంత గట్టిది అనేదాన్ని బట్టి లైన్ ఎండకు నిలబడుతుందో లేదో తేలుతుంది. ట్రాపికల్ లైన్ చలిలో స్ప్రింగులా చుట్టుకుంటుంది. కొడైకెనాల్ చెరువుకు పట్టుకెళ్తే తిట్టుకుంటారు. ఎండాకాలం చెన్నైలో అదే మీ ప్రాణం నిలబెడుతుంది.

ఇంకో మాయ గ్రెయిన్ల లెక్క. గ్రెయిన్ అంటే పాతకాలపు చిన్న బరువు కొలత. పెట్టె మీద "హెడ్ 330 గ్రెయిన్లు" లాంటిది చూసి 8 నంబరుకు ఇంత బరువా అని బెంబేలెత్తి వెనక్కి పంపిన మిత్రుడు నాకున్నాడు. అది హెడ్ మొత్తం బరువు. హెడ్ 40 అడుగులు ఉండొచ్చు, 50 ఉండొచ్చు. నంబరు నిర్ణయించేది మాత్రం మొదటి 30 అడుగుల బరువే.

3. తూచండి

ఈ పని ఎవరూ చేయరు, నేనేమో దీని మీదే ఎక్కువ పట్టుబడతాను. 1961 నుంచి వాడుకలో ఉన్న అమెరికన్ ప్రమాణం ప్రకారం మొదటి 30 అడుగుల (9.14 మీటర్ల) బరువులు ఇవి:

- 7 నంబరు: 185 గ్రెయిన్లు, దాదాపు 12 గ్రాములు
- 8 నంబరు: 210 గ్రెయిన్లు, 13.6 గ్రాములు
- 9 నంబరు: 240 గ్రెయిన్లు, 15.6 గ్రాములు
- 10 నంబరు: 280 గ్రెయిన్లు, 18.1 గ్రాములు
- 12 నంబరు: 380 గ్రెయిన్లు, 24.6 గ్రాములు

గ్రెయిన్ మనకు కొత్తదేం కాదు. పాత తులం సరిగ్గా 180 గ్రెయిన్లే. అంటే 7 నంబరు లైన్ ముందు భాగం తులానికి కొంచెం పైన. సూళ్లూరుపేటలో నగల పని చేసే మా బావ కాటా మీద ఇది తూస్తుంటే, "తరుగెంత వేయమంటావు?" అని అడిగాడు.

తూచే తీరు: లైన్ కొసన ఒకే మందంలో ఉండే చిన్న ముక్క ఉంటుంది, ఓ చేతి జానెడు. దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. సన్నటి భాగం లావెక్కడం మొదలయ్యేచోటు నుంచి 9.14 మీటర్లు టేపుతో కొలిచి, అక్కడ మార్కర్‌తో గీత పెట్టండి. కాటా మీద ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేయండి. గీత వరకూ లైన్‌ని గిన్నెలో చుట్టలుగా వేయండి, కొసముక్క బయటే ఉండాలి. మిగిలిన స్పూలును గిన్నె అంచుకు సమానమైన ఎత్తులో పుస్తకాల మీద పెట్టండి. లేకపోతే వేలాడే లైన్ గిన్నెను కిందికి లాగి బరువు ఎక్కువ చూపిస్తుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపండి. నవ్వకండి, నేను రెండుసార్లు ఫ్యాన్ ఆన్‌లో ఉంచి తూచి రెండు రకాల అంకెలు రాసుకున్నాను.

మూడుసార్లు తూచి సగటు తీసుకోండి. 8 నంబరుకు 13.1 నుంచి 14.1 గ్రాముల మధ్య వస్తే ప్రమాణంలోనే ఉన్నట్టు. 15 దాటిందా? పెట్టె మీద ఏమున్నా మీ చేతిలో ఉన్నది దాదాపు 9 నంబరు. అది మోసం కాదు. నేటి గట్టి రాడ్డులు దగ్గరి దూరంలోనే వంగాలని కంపెనీలు కావాలనే అర నంబరో, నంబరో ఎక్కువ బరువు పెడుతున్నాయి. మీ రాడ్డు మెత్తనిదైతే ఆ బరువుకు కూలబడుతుంది, గట్టిదైతే కలిసొస్తుంది. మొత్తానికి ఆ అంకె పెట్టె లోపల రాసిపెట్టుకోండి, కింది మెట్లలో పనికొస్తుంది.

4. ఎండలో పెట్టండి

మధ్యాహ్నం ఒంటిగంటకు మేడ మీద తెల్ల తువ్వాలు పరిచి, మొదటి మూడు మీటర్ల లైన్‌ని వదులు చుట్టలుగా దాని మీద వేసి అరగంట వదిలేయండి. కారు బానెట్ మీదా నల్ల టైల్స్ మీదా వద్దు. అది పరీక్ష కాదు, వంట.

అరగంట తర్వాత చుట్టను వేళ్ళతో నొక్కి వదలండి. పక్కపక్క చుట్టలు అంటుకోకుండా విడిపోవాలి. మధ్యలో ఒక చోట పట్టుకుని ఒక జానెడు ముక్కను అడ్డంగా చాచండి. మంచి ట్రాపికల్ లైన్ కొంచెం వంగినా నిలబడుతుంది. తడిసిన నూలుదారంలా వేలాడిందంటే బీచ్‌లో ఏం జరుగుతుందో నా టోపీ కథ చదివారుగా.

దీనికి ఎదురు పరీక్ష కూడా చేయండి. రాత్రంతా ఏసీ గదిలో ఉంచి, పొద్దున్నే తీసి చూడండి. చుట్టలు చుట్టలుగా వస్తుంది. అది తప్పు కాదు. చేతుల మధ్య మీటరు మీటరు చొప్పున మెల్లగా సాగదీస్తే నిఠారుగా అవ్వాలి. కాకుండా పది నిమిషాల్లో మళ్ళీ చుట్టుకుంటే, ప్రతి ఉదయం ఆ సాగదీత తప్పదని గుర్తుంచుకోండి. చెట్టుకు చుట్టి లాగేవాళ్ళు బెరడుకీ లైన్‌కీ మధ్య గుడ్డ వేయండి, బెరడు పూతను గీరేస్తుంది.

5. బకెట్ పరీక్ష

లీటరు నీటికి 35 గ్రాముల రాళ్ళ ఉప్పు కరిగిస్తే సముద్రపు నీటికి దగ్గరగా వస్తుంది. తేలే లైన్ కొస ఒక మీటరు వేసి ఐదు నిమిషాలు చూడండి. కొస మునిగిందంటే లీడర్ తగిలించే లూపు అతుకు దగ్గర పూత చీలి నీళ్ళు లోపలికి పోతున్నట్టు. ఉప్పునీటిలో తేలడం సులువు, కాబట్టి మంచినీళ్ళలో కూడా ఒకసారి చూడండి. బ్యాక్‌వాటర్‌లో వానాకాలం తర్వాత నీళ్ళు చప్పగానే ఉంటాయి.

ఇంటర్మీడియెట్ అయితే గడియారం పెట్టుకోండి. సెకనుకు 1.5 అంగుళాలు అని రాసున్న లైన్ 30 సెంటీమీటర్ల లోతుకు దాదాపు 8 సెకన్లలో దిగాలి. ముందు లైన్‌ని వేళ్ళతో తడిపి గాలి బుడగలు తుడిచేయండి. బుడగలతో తేలుతున్న లైన్‌ని చూసి "తేలేది పంపారు" అని కొట్టువాడితో తగవు పెట్టుకోకండి.

6. లూపు బలం

కొసనున్న అతుకు లూపులో కొక్కెం కాటా తగిలించి, లైన్‌ని అరచేతికి గుడ్డ చుట్టుకుని మెల్లగా 8 కిలోల దాకా లాగండి. లూపు సాగకూడదు, పూత ముడుచుకోకూడదు. ముడుతలు కనిపిస్తే ఆ లూపు కోసేసి నెయిల్ నాట్ అనే ముడితో గట్టి మోనో (ఒంటిపోగు నైలాన్) ముక్క కట్టుకోవడమే మేలు. మీరు వాడే టిప్పెట్ (లీడర్ చివర ఫ్లై కట్టే సన్నటి ముక్క) ఎప్పుడూ లైన్ లోపలి దారం కంటే బలహీనంగానే ఉండాలి. దారం బలం పెట్టె మీద ఉంటుంది, చాలావాటికి 20 నుంచి 30 పౌండ్లు. రాతికి చిక్కి తెగితే పోవాల్సింది టిప్పెట్ గానీ లైన్ కాదు.

లీడర్ లూపును లైన్ లూపుతో కలిపేటప్పుడు రెండు చేతులు కలిపినట్టు ముడి సమంగా కూర్చోవాలి. ఒకటి రెండోదాని మెడకు ఉరిలా బిగిస్తే లైన్ పూత కోసుకుపోతుంది.

7. రీలుకు ఎక్కించడం

ముందు బ్యాకింగ్, అంటే లైన్ కంటే ముందు రీలు అడుగున చుట్టే సన్నటి గట్టి దారం. 8, 9 నంబర్లకు 20 పౌండ్ల డెక్రాన్ 150 మీటర్లు సరిపోతుంది. 10 నుంచి పైకి 30 పౌండ్లది వేయండి. లైన్ స్పూలు మీద "ఈ కొస రీలుకు" అని చీటీ ఉంటుంది. దాన్ని చించేసి తర్వాత తికమకపడేవాళ్ళు ఎక్కువ. వెయిట్ ఫార్వర్డ్‌ని తిరగేసి ఎక్కిస్తే సన్నటి వైపు ముందుకొస్తుంది, వారం రోజులు మీ చేయి బాగాలేదనుకుంటూ తిరుగుతారు.

స్పూలు రంధ్రంలో పెన్సిల్ దూర్చి ఎవరినైనా పట్టుకోమనండి, అది తిరుగుతూ ఉండగా చుట్టుకోండి. పక్కనుంచి ఉంగరాలుగా లాగితే ప్రతి ఉంగరానికీ ఒక మెలి పడుతుంది. "కొత్త లైన్ మెలికలు తిరుగుతోంది" అనే ఫిర్యాదుల్లో సగం ఇక్కడివే.

8. మైదానంలో

పేటలోని కార్పొరేషన్ మైదానానికి క్రికెట్ కుర్రాళ్ళు రాకముందే వెళ్ళండి. ఆదివారమైతే ఐదున్నరకే. పచ్చిక మీద, అదీ మంచు తడి ఉంటే మంచిది. సిమెంటు మీదా కంకర మీదా కొత్త లైన్ విసిరితే ఒక్క పూటలో పాతబడుతుంది. పైన కరెంటు తీగలు లేని చోటు చూసుకోండి. రాడ్డు కార్బన్ ఫైబర్, కరెంటు పోతుంది దానిలోంచి.

టేపుతో 9, 12, 15, 18 మీటర్ల దగ్గర చెప్పులో, నీళ్ళ సీసాలో గుర్తులు పెట్టండి. కొసన ఊలు ముక్క కట్టండి.

*తొలి పరీక్ష.* 9 మీటర్ల లైన్ బయట ఉంచి విసరండి. రాడ్డు వంగుతున్నట్టు చేతికి తెలియాలి. ఏమీ తెలియక, బలమంతా పెడితే గానీ లైన్ తిరగకపోతే లైన్ తేలిక. రాడ్డు పిడి దాకా కూలిపోయి, లూపు (గాలిలో లైన్ తిరిగే వంపు) గొడుగంత వెడల్పుగా వస్తుంటే లైన్ బరువు. 3వ మెట్టులో రాసుకున్న అంకెతో పోల్చి చూడండి. అంకె మామూలుగానే ఉండి కూడా లూపు వెడల్పు అవుతుంటే తప్పు లైన్‌ది కాదు, మణికట్టుది.

*రెండోది, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది.* సముద్రంలో చేప మన కోసం నిలబడదు. ఊలు ముక్క ఎడమచేతిలో పట్టుకుని, రాడ్డు కొస బయట 5 మీటర్ల లైన్ మాత్రమే ఉంచండి. పక్కవాళ్ళను "ఇప్పుడు" అనమనండి. ఒక్క ఫాల్స్ కాస్ట్ (లైన్‌ని కింద పడనివ్వకుండా గాలిలోనే వెనక్కీ ముందుకూ ఆడించడం), తర్వాత వదలడం. ఐదారు సెకన్లలో 12 మీటర్ల గుర్తు దగ్గర ఊలు పడాలి. పదిసార్లు చేయండి. ఏడుసార్లు పడితే ఈ లైన్ మీకు సరిపోయినట్టే. మూడు నాలుగు ఫాల్స్ కాస్ట్‌లు చేస్తే గానీ పోవడం లేదంటే ముందు భాగం మరీ పొడవుగా, సన్నగా ఉంది. దూరం బాగా పోయినా మన పనికి అది నప్పదు.

*మూడోది.* హెడ్ అయిపోయి రన్నింగ్ లైన్ మొదలయ్యేచోటును వేళ్ళతో తడిమి కనుక్కుని మార్కర్‌తో పట్టీ గీయండి. ఆ పట్టీ రాడ్డు కొస దాటి మీటరు, రెండు మీటర్లు పోయేదాకా గాలిలో ఉంచి చూడండి. లూపు ఎక్కడ కుప్పకూలుతుందో అదే మీ హద్దు. అక్కడికి రాగానే వదిలేయాలి. చీకట్లో వేలికి తెలిసేలా ఆ పట్టీ మీద సన్న దారంతో చిన్న ముడి వేసుకునేవాళ్ళూ ఉన్నారు.

9. గాలిలో

పొద్దుటి మైదానంలో ఏ లైనైనా బాగానే ఉంటుంది. అసలు పరీక్ష మధ్యాహ్నం మూడింటికి బీచ్‌లో. ఎండాకాలం చెన్నైలో మధ్యాహ్నమయ్యేసరికి సముద్రపు గాలి ఆగ్నేయం నుంచి కొడుతుంది. మీరు తూర్పుకు తిరిగి నిలబడితే అది కుడి ముందు నుంచి వస్తుంది. కుడిచేతివాటం వాళ్ళకు ఇంతకంటే ప్రమాదం లేదు: గాలి లైన్‌ని, దాని కొసనున్న కొక్కేన్నీ నేరుగా మీ చెవి మీదికి తెస్తుంది. అద్దాలు లేకుండా రాడ్డు ఎత్తొద్దు. రాడ్డును ఎడమ భుజం మీదుగా వాల్చి విసరండి, లేదా సముద్రానికి వీపు పెట్టి వెనక్కి పోయే విసురునే నీళ్ళలోకి వదలండి. అక్టోబరు నుంచి ఈశాన్య గాలి ఎడమ వైపు నుంచి వస్తుంది, కుడిచేతివాళ్ళకు అప్పుడు హాయి. ఆ నెలల్లో ఉరుములు వినిపిస్తే మాత్రం రాడ్డు కింద పెట్టి వెళ్ళిపోండి.

ఇక్కడ కూడా ఊలు ముక్కతోనే మొదలుపెట్టండి. గాలికి ఎదురుగా 12 మీటర్లకు లీడర్ నిఠారుగా తిరిగి పడుతోందా? పడకపోతే లీడర్‌ని ఒక అడుగు చొప్పున 7 అడుగుల దాకా తగ్గించి చూడండి. అప్పటికీ కుప్పగా పడితే ఒక నంబరు బరువైన లైనో, ముందు భాగం పొట్టిగా ఉన్నదో కావాలి. లాగిన లైన్ కాళ్ళ దగ్గర అలల్లో చిక్కుపడుతుంది కాబట్టి నడుముకు బట్టల బుట్ట కట్టుకోండి. పులికాట్ గట్టు మీద నన్నలా చూసిన పడవాయన, "ఏంది సారూ, చేపల్ని కొరడాతో కొట్టి బుట్టలో ఏసుకుంటారా?" అన్నాడు. బుట్ట అడుగున ప్లాస్టిక్ ట్యాగులు నిలువుగా గుచ్చితే లైన్ చుట్టలు కదలవు.

ఎక్కువగా చేసే తప్పులు

దోమల మందు రాసుకున్న చేత్తో లైన్ పట్టుకోవడం మొదటిది. అందులోని డీట్ పీవీసీని కరిగిస్తుంది. సన్‌స్క్రీన్ కూడా వేళ్ళ లోపలి వైపు రాసుకోవద్దు. పెట్రోలు, కిరోసిన్‌తో లైన్ తుడిచేవాళ్ళను చూశాను, వాళ్ళకు నమస్కారం. కారు డిక్కీలో ఎండలో వదిలేయడం ఇంకొకటి.

కడగడం గురించి. బీచ్ నుంచి రాగానే లైన్‌ని బకెట్ మంచినీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, రెండు చుక్కల గిన్నెల సబ్బుతో మెత్తటి గుడ్డలోంచి లాగండి. తిరువాన్మియూరు, బెసెంట్ నగర్ వైపు ఉండేవాళ్ళు బోరు నీళ్ళ రుచి చూసుకోండి. చాలాచోట్ల అవీ ఉప్పగానే ఉంటాయి, ఉప్పును ఉప్పుతో కడిగినట్టవుతుంది. నేను సగం క్యాన్ మంచినీళ్ళు దీనికే పక్కన పెడతాను. ఇంట్లో తిట్లు తింటాను.

నెలకోసారి మొదటి పది మీటర్లను గోటి మీదుగా లాగండి. గరగరమంటే మురికి, కడిగితే పోతుంది. కడిగాక కూడా గోరు ఆగుతుంటే పగుళ్ళు. అక్కడి నుంచి తేలే లైన్ మునగడం మొదలవుతుంది. ఇక దాన్ని మైదానంలో ప్రాక్టీసుకు పెట్టుకుని కొత్తది చూసుకోండి.

నా ట్రౌట్ లైన్ ఇంకా ఉంది. మేడ మీద బట్టలు ఆరేసుకుంటున్నాం. మధ్యాహ్నానికి అది ఎండకు మెత్తబడి సాగిపోయి చీర అంచులు నేలకు తగులుతున్నాయని, ప్లాస్టిక్ తాడు తెమ్మని మా ఆవిడ పోయిన వారం కూడా అడిగింది.